నేలపట్టు, పులికాట్ పక్షులకు ఏ కెమెరా కొనాలి? ఐదు దారులు, వాటి లాభనష్టాలు

ఈశాన్య రుతుపవనాలు నాలుగు మంచి వానలు కురిపించి నేలపట్టు చెరువులో నీళ్లు చేరగానే నెల్లూరు ఫొటో ప్రియుల మధ్య ఏటా ఒకే ప్రశ్న తిరగడం మొదలవుతుంది. “అన్నా, పక్షులకు ఏ కెమెరా తీసుకోమంటావు?” అడిగినవాడికి పది నిమిషాల్లో పది జవాబులు వస్తాయి. కానన్ వాడేవాడు కానన్ అంటాడు, నికాన్ వాడేవాడు నికాన్ అంటాడు, సోనీ కొత్తగా కొన్నవాడు మిగతా ఇద్దరినీ జాలిగా చూస్తాడు. కంపెనీ పేరు దగ్గర మొదలైన చర్చ ఏ ఒడ్డుకూ చేరదు. మీరు ఎక్కడ నిలబడతారు, పక్షి ఎంత దూరంలో ఉంటుంది, ఎంత బరువు మోయగలరు అన్న దగ్గర మొదలుపెడితే సగం కెమెరాలు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

ఈ పోలికను ముఖ్యంగా రెండు చోట్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఒకటి నేలపట్టు. నాయుడుపేట దాటాక, సూళ్లూరుపేట రాకముందు, దొరవారిసత్రం మండలంలో ఉంది. చెరువు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. వాటికి తోడు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు ఉంటాయి. రెండోది సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సును చీల్చుకుంటూ శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు. రెండు వైపులా నీళ్లు, నీళ్లు తగ్గిన చోట బురద, ఆ బురదలో ఫ్లెమింగోలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు ఈ రెండూ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి గానీ, తెల్లవారుజామున కెమెరా సంచితో బయలుదేరే నెల్లూరు వాళ్లకు ఆ సరిహద్దు పట్టదు.

## ముందు దూరం లెక్క

లెక్క చాలా చిన్నది. పక్షి పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) గుణించి దూరంతో భాగిస్తే సెన్సర్ మీద దాని బొమ్మ ఎంత పడుతుందో తెలుస్తుంది. గూడబాతు ముక్కు కొన నుంచి తోక దాకా సుమారు 1.4 మీటర్లు. అది వంద మీటర్ల దూరంలో ఉంటే 400 మి.మీ. లెన్సు దాన్ని 5.6 మి.మీ. బొమ్మగా వేస్తుంది. మధ్యరకం కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ వెడల్పు దాదాపు 23.5 మి.మీ. (కానన్‌లో 22.3). అంటే గూడబాతు ఫ్రేము వెడల్పులో నాలుగో వంతు ఆక్రమిస్తుంది. కాస్త కత్తిరించుకుంటే చక్కటి బొమ్మ.

ఇదే లెక్కను మూడు దూరాలకు వేస్తే ఫ్రేము వెడల్పులో గూడబాతు వాటా ఇలా వస్తుంది. మొదటి మూడూ ఏపీఎస్-సీ బాడీ (లెన్సు లేని కెమెరా) మీద, చివరిది ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిలిం సైజు సెన్సర్) లెక్కలో 2000 మి.మీ.కి సమానమైన జూమ్ ఉన్న నికాన్ పీ950 బ్రిడ్జి కెమెరాలో (లెన్సు విడదీయలేని పెద్ద జూమ్ కెమెరా).

| దూరం | 300 మి.మీ. | 400 మి.మీ. | 600 మి.మీ. | పీ950 పూర్తి జూమ్ |
|---|---|---|---|---|
| 50 మీటర్లు | 36 శాతం | 48 శాతం | 71 శాతం | ఫ్రేములో పట్టదు |
| 100 మీటర్లు | 18 శాతం | 24 శాతం | 36 శాతం | 81 శాతం |
| 300 మీటర్లు | 6 శాతం | 8 శాతం | 12 శాతం | 27 శాతం |

చివరి వరుస చూసి వెంటనే బ్రిడ్జి కెమెరా కొనడానికి బయలుదేరకండి. మూడు వందల మీటర్ల దూరంలో మీ ఫొటోను పాడుచేసేది గాలి. ఎండ ఎక్కిన కొద్దీ బురద మీద నుంచి, నీటి మీద నుంచి వేడి సెగ లేస్తుంది. అప్పుడు కెమెరా తెర మీద బొమ్మను పెద్దది చేసి చూడండి. ఫ్లెమింగో కాళ్లు వంకరటింకరగా వణుకుతుంటాయి, మెడ అంచు ఒక్క చోట నిలవదు. లక్షన్నర రూపాయల లెన్సు తగిలిస్తే ఆ వణుకు మరింత పెద్దదిగా కనిపిస్తుంది, అంతే. ఆ దూరానికి మందు ఒక్కటే, సూర్యుడు లేచిన తొలి గంటలో అక్కడ ఉండడం. అందుకే నా సలహా ఏమిటంటే, నలభై నుంచి నూట ఇరవై మీటర్ల దూరాన్ని ఉద్దేశించి కొనండి. అంతకన్నా దూరంలో ఉన్న ఫ్లెమింగోల గుంపును ఒక గులాబీ గీతగా, ఆకాశంతో, నీటితో కలిపి తీయండి. దానికి ఏ లెన్సయినా చాలు.

అరచేతిలో ఇమిడే లకుముకి పిట్ట సంగతి వేరు. పదహారు, పదిహేడు సెంటీమీటర్ల పిట్టను పదిహేను మీటర్ల నుంచి 400 మి.మీ.తో తీసినా ఫ్రేములో అయిదో వంతు కూడా నిండదు. చిన్న పిట్టల మీద మోజు ఉన్నవారికి 600 అవసరమే.

## తర్వాత వెలుతురు, షాపులో చెప్పని లెక్క

చాలామంది ఎఫ్ సంఖ్యను మాత్రమే చూసి “ఎఫ్ 8 అంటే చీకటి లెన్సు” అని తీర్పు చెప్పేస్తారు. పక్షి నుంచి వచ్చే వెలుతురులో ఎంత మీ కెమెరాలోకి దిగుతుందో తేల్చేది ఎపర్చర్ (లెన్సులో వెలుతురు దిగే రంధ్రం) అసలు వ్యాసం. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే అది వచ్చేస్తుంది. బ్రిడ్జి కెమెరాకు మాత్రం పెట్టె మీద గొప్పగా రాసిన ‘సమానమైన’ అంకెను పక్కన పెట్టి లెన్సు మీద చిన్నగా రాసి ఉండే అసలు ఫోకల్ లెంగ్త్ తీసుకోవాలి. పీ950లో అది 357 మి.మీ.

అలా లెక్క కడితే వచ్చే అంకెలు కొందరి అభిమానాలను గాయపరుస్తాయి. పీ950 చివరి జూమ్‌లో 55 మి.మీ. కానన్ ఆర్ఎఫ్ 100-400 (400 దగ్గర ఎఫ్ 8) 50 మి.మీ. అదే కంపెనీ 600 ఎఫ్ 11 లెన్సు 55 మి.మీ. అంటే ‘బొమ్మ కెమెరా’ అని ఎగతాళి చేసే బ్రిడ్జి కెమెరా, యాభై వేలకు పైబడిన లెన్సు, ఒకే పక్షి నుంచి ఇంచుమించు ఒకే వెలుతురు తాగుతున్నాయి. పెళ్లిళ్లలో వాడే 70-200 ఎఫ్ 2.8 అయితే 71. నికాన్ 200-500 ఎఫ్ 5.6 అయితే 89. 600 దగ్గర ఎఫ్ 6.3 ఉన్న పెద్ద జూములన్నీ 95.

వెలుతురు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 95కు, 50కి తేడా మూడున్నర రెట్లు. నేలపట్టులో మబ్బు పట్టిన నవంబరు ఉదయం ఎగిరే గూడబాతును ఆపడానికి సెకనులో వెయ్యో వంతు షట్టర్ పెట్టినప్పుడు ఆ తేడా ఐఎస్ఓ (తక్కువ వెలుతురును పెంచి చూపే అమరిక) అంకెలో, దాంతోపాటు రెక్కల మీది గరుకుదనంలో కనిపిస్తుంది. అలాగని ఆ వెలుతురు ఉచితం కాదు. 50 మి.మీ. ఇచ్చే లెన్సు బరువు 635 గ్రాములు, 95 ఇచ్చేవన్నీ రెండు కిలోల చుట్టుపక్కల.

మిగతా కొలమానాలు త్వరగా చెప్పేస్తాను. ఆటోఫోకస్ పక్షి కన్నును గుర్తుపట్టగలదా, ఎగిరేటప్పుడు వదలకుండా వెంటాడగలదా అన్నది చూడాలి. కూర్చున్న పక్షులే మీ లోకమైతే దీనికి అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. ఉప్పు గాలి, దుమ్ము లోపలికి పోకుండా రబ్బరు అంచులు ఉన్నాయా, జూమ్ తిప్పితే లెన్సు గొట్టం బయటికి సాగుతుందా అన్నది మరొకటి. సాగే గొట్టం లోపలికి వచ్చేటప్పుడు బయటి తేమను, దుమ్మును వెంట తీసుకొస్తుంది. ఇక ధర. నేను ఇక్కడ రాసే అంకెలు పండగ ఆఫర్లకే మారిపోతాయి కాబట్టి తక్కువ, మధ్య, ఎక్కువ అని మాత్రమే చెబుతాను.

## మొదటి దారి: బ్రిడ్జి కెమెరా

నికాన్ పీ950 (2020), పీ1000 (2018), దాని వారసురాలిగా 2025లో వచ్చిన పీ1100 ఈ కోవలోవి. పీ950 బరువు కిలో, పీ1000 కిలో నాలుగు వందల గ్రాముల పైన. పీ1000 జూమ్ 3000 మి.మీ.కి సమానం. విని మురిసిపోవడానికి బాగుంటుంది. ఆ జూమ్‌లో చేత్తో పట్టుకుని పక్షిని ఫ్రేములో వెతకడం మొదలుపెడితే అది మూడో చెట్టుకు ఎగిరిపోయి ఉంటుంది. నన్నడిగితే ఈ రెండింటిలో పీ950 తెలివైన కొనుగోలు.

దీని బలం గూటి మీద కూర్చున్న గూడబాతు, కొమ్మ మీది నీటికాకు, పక్షి కాలికి వేసిన రింగు, రాత్రికి చందమామ. ఎదుటి గట్టు మీది కొంగ ఏ జాతిదో గుర్తుపట్టడానికి సాక్ష్యం కావాలంటే దీనికి మించినది ఈ ధరలో లేదు. పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితాలు పెట్టేవారు దీన్నే ఎందుకు ఇష్టపడతారో ఊహించవచ్చు.

బలహీనత ఎగిరే పక్షులు. పీ950 వరుసగా పది ఫ్రేములు తీసి, కార్డులోకి రాసుకోవడానికి ఆగిపోతుంది. పక్షి కొమ్మ వదిలిన క్షణం వ్యూఫైండర్‌లోకి కాస్త ఆలస్యంగా వస్తుంది. ఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. సెన్సర్ ఏపీఎస్-సీలో పదమూడో వంతు మాత్రమే కాబట్టి జూమ్ తగ్గించి తీసే మామూలు ఫొటోలలో, ఇంటి వేడుకల్లో మంచి ఫోన్ కన్నా మెరుగేమీ చూపించదు.

## రెండో దారి: చిన్న మిర్రర్‌లెస్, తేలికైన 100-400

కానన్ ఆర్10 మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ, ఆర్ఎఫ్ 100-400 లెన్సు కలిపితే కిలో పైన కొద్ది గ్రాములు. అంటే పీ950తో సమానమైన బరువు, ఇంచుమించు సమానమైన ఎపర్చర్ వ్యాసం. మరి అంతకన్నా చాలా ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి? ఆటోఫోకస్‌కు. ఆర్10 పక్షి తలను, కన్నును వెతికి పట్టుకుంటుంది, మెకానికల్ షట్టర్‌తోనే సెకనుకు 15 ఫ్రేములు తీస్తుంది. నత్తగుల్ల కొంగ గూటికి పుల్లను ముక్కున కరచుకుని దిగుతున్న దృశ్యం బ్రిడ్జి కెమెరాలో అదృష్టం, ఇందులో అలవాటు.

పైగా రేపు చెల్లెలి పెళ్లికి 50 మి.మీ. లెన్సు తగిలిస్తే ఇదే బాడీ మరో కెమెరా అవుతుంది. చేత్తో పట్టుకుని చెరువు కట్ట వెంట రెండు గంటలు నడిచినా భుజం నొప్పి రాదు. ఈ మాటను తేలిగ్గా తీసుకోకండి. బరువైన లెన్సు కొన్నవారిలో చాలామంది మూడో నెల నుంచి దాన్ని బీరువాలోనే ఉంచుతారు.

లోపాలు రెండు. లెన్సుకు రబ్బరు అంచుల రక్షణ లేదు, గొట్టం బయటికి సాగుతుంది. కాబట్టి చినుకులో తీయొద్దు. రెండోది వెలుతురు. ఎండ ఉన్నంతసేపు ఇబ్బంది ఉండదు. సూర్యుడు ఇంకా లేవని అరగంట, మబ్బుల ఉదయాలు దీనికి కష్టకాలం. గరుకుదనం తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా మెరుగయ్యాయి గనుక ఆ కష్టం అయిదేళ్ల క్రితం ఉన్నంత లేదు.

## మూడో దారి: సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, పెద్ద గాజు

నాకు బాగా ఇష్టమైన దారి ఇదే, పక్షపాతం ఉందని ముందే చెబుతున్నాను. అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతుండడంతో మంచి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న పాత తరహా కెమెరా) సామాను చవకగా చేతులు మారుతోంది. నికాన్ డీ7200 లేదా డీ500, దానికి 200-500 ఎఫ్ 5.6. లేదంటే సిగ్మా 150-600 కాంటెంపరరీ, టామ్రాన్ 150-600 జీ2. చిన్న మిర్రర్‌లెస్ కొత్త జోడీకి అయ్యే డబ్బుకు దగ్గర్లోనే మూడు రెట్ల వెలుతురు తాగే గాజు, అంటే లెన్సు, దొరుకుతుంది.

ఇందులో వ్యూఫైండర్ అద్దంలో నేరుగా పక్షినే చూస్తారు, బొమ్మ ఆలస్యంగా రావడం అన్న మాటే ఉండదు. ఒక్క బ్యాటరీతో ఉదయమంతా గడిచిపోతుంది. మిర్రర్‌లెస్ మిత్రుడు రెండో బ్యాటరీ కోసం జేబులు తడుముకుంటున్నప్పుడు మీకు కొంచెం తృప్తి కూడా ఉంటుంది.

బదులుగా మీరు ఇచ్చేది శ్రమ. పక్షి కన్ను వెతికే తెలివి పాత బాడీలలో లేదు. ఫోకస్ బిందువును పక్షి మీద నిలబెట్టడం మీ చేతి పని. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సుకు బాడీకి పొసగక ఫోకస్ పక్షి ముందో వెనకో పడుతుండవచ్చు. దాన్ని బాడీ మెనూలో సరిచేసుకోవాలి, అందుకు ఒక మధ్యాహ్నం కేటాయించాలి. బరువు బాడీతో కలిపి మూడు కిలోలు. కొత్త లెన్సులు ఈ మౌంట్లకు (బాడీకి లెన్సు తగిలే అమరికలు) ఇక రావు. అయితే నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి కాబట్టి గాజు మీద పెట్టిన డబ్బు వృథా కాదు. సిగ్మా, టామ్రాన్ లెన్సులను అడాప్టర్‌తో వాడాలనుకుంటే మాత్రం కొనే ముందే మీ బాడీకి తగిలించి చూసుకోండి.

## నాలుగో దారి: పెద్ద మిర్రర్‌లెస్ జూమ్

సోనీ 200-600 (2019), నికాన్ జెడ్ 180-600 (2023), కానన్ ఆర్ఎఫ్ 200-800 (2023). డబ్బు, భుజబలం రెండూ ఉంటే ఇక్కడ తప్పటడుగు వేయడం కష్టం. సోనీ, నికాన్ రెండింటిలోనూ జూమ్ తిప్పినా గొట్టం పొడవు మారదు, దుమ్ము, తేమ రక్షణ ఉంది. పులికాట్ రోడ్డు మీద ఉప్పు గాలి కొడుతుంటే ఈ రెండు లక్షణాలకూ విలువ తెలుస్తుంది. కానన్ 200-800 పొడవు ఎక్కువ, వ్యాసం 89, గొట్టం మాత్రం బయటికి సాగుతుంది.

బాడీ విషయంలో ఒక్క హెచ్చరిక. ‘సెకనుకు 30 ఫ్రేములు’ అన్న ప్రకటన చూసి కానన్ ఆర్7 తీసుకునేవారు అది ఎలక్ట్రానిక్ షట్టర్ అంకె అని గమనించాలి. ఆ షట్టర్‌లో సెన్సర్ పై నుంచి కిందికి నిదానంగా చదువుతుంది, వేగంగా కొట్టుకునే రెక్క వంగిపోయినట్టు వస్తుంది. ఎగిరే పక్షులకు అందులో మెకానికల్ షట్టర్ వాడుకోవాలి. ఇలాంటి లెన్సుకు ఆర్7, సోనీ ఏ6700, నికాన్ జెడ్50-2 స్థాయి బాడీ సరిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్ కావాలన్న తపనలో బాడీకి డబ్బు పోసి లెన్సు దగ్గర వెనకాడటం ఈ చర్చల్లో తరచూ కనిపించే తలకిందుల బేరం.

## అయిదో దారి: ఉన్నదానితోనే

నెల్లూరు, కావలి, ఒంగోలు పెళ్లి ఫొటోగ్రాఫర్లలో చాలామంది దగ్గర 70-200 ఎఫ్ 2.8 ముందే ఉంటుంది. దానికి 2ఎక్స్ టెలికన్వర్టర్ (లెన్సుకు బాడీకి మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్‌ను రెట్టింపు చేసే గొట్టం) తగిలిస్తే 400 ఎఫ్ 5.6. వ్యాసం అదే 71, అంటే టెలికన్వర్టర్ వెలుతురు దొంగిలిస్తుందన్న ఫిర్యాదులో పక్షికి సంబంధించినంత వరకు నిజం తక్కువ. దొంగిలించేది పదునును, ఫోకస్ వేగాన్ని. ఒక ముఖ్యమైన విషయం: 2019లో వచ్చిన కానన్ ఆర్ఎఫ్ 70-200 ఎఫ్ 2.8కు టెలికన్వర్టర్ అసలు తగలదు. 2024లో వచ్చిన ‘జెడ్’ రకానికి తగులుతుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు మీది ఏదో చూసుకోండి.

ఏడాదికి రెండు మూడు ఉదయాలు మాత్రమే వెళ్లేవారు పెద్ద లెన్సును చెన్నైలోనో హైదరాబాద్‌లోనో అద్దెకు తెచ్చుకోవడం మేలు.

| దారి | ఎపర్చర్ వ్యాసం | బాడీతో బరువు | ఎగిరే పక్షులు | ఉప్పు గాలి, దుమ్ము | ఖర్చు |
|---|---|---|---|---|---|
| పీ950 | 55 మి.మీ. | 1 కిలో | కష్టం | రక్షణ లేదు | తక్కువ |
| ఆర్10, 100-400 | 50 మి.మీ. | 1.1 కిలో | బాగుంది | రక్షణ లేదు | మధ్య |
| పాత డీఎస్ఎల్ఆర్, 200-500 లేదా 150-600 | 89-95 మి.మీ. | సుమారు 3 కిలోలు | చేతి నైపుణ్యాన్ని బట్టి | కొంత | మధ్య |
| సోనీ 200-600, నికాన్ 180-600 | 95 మి.మీ. | 2.5 కిలోల పైన | చాలా బాగుంది | మంచి రక్షణ | ఎక్కువ |
| ఉన్న 70-200, 2ఎక్స్ | 71 మి.మీ. | 2.5 కిలోల చుట్టూ | ఫర్వాలేదు | లెన్సును బట్టి | అతి తక్కువ |

## ఎవరికి ఏది

బైకు మీద వెళ్లే విద్యార్థికి రెండో దారి. మూడు కిలోల సామానును వీపున వేసుకుని జాతీయ రహదారి మీద తెల్లవారుజామున ప్రయాణం సరదాగా ఉండదు. కారు ఉండి, డబ్బు పరిమితమై, నేర్చుకునే ఓపిక ఉంటే మూడోది. పులికాట్ రోడ్డు మీద కారు కిటికీలోంచి తీసేవారికి బరువు అసలు సమస్యే కాదు, అక్కడ పెద్ద గాజుదే రాజ్యం.

ఉద్యోగ విరమణ చేసి పక్షులను చూడడం మొదలుపెట్టిన పెద్దలకు మొదట 8x42 బైనాక్యులర్ కొనమంటాను. తర్వాత పీ950. ఈ జోడీ ఇచ్చే ఆనందం రెండు లక్షల లెన్సు ఇవ్వదు.

ఫ్లెమింగో పండగకు పిల్లలతో ఏటా ఒకసారి వెళ్లేవారు ఏమీ కొనకండి. జనం, దుమ్ము, మిట్టమధ్యాహ్నం ఎండ మధ్య ఫోను తీసే కుటుంబ చిత్రమే మిగిలేది.

ప్రకాశం వైపు మిత్రుల అవసరాలు వేరు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలే మీ ఇష్టమైతే 600 మి.మీ. పనికిరాదు, గిత్త కన్ను తప్ప ఏమీ పట్టదు. 70-200 లేదా 70-300 సరైన కొలత. బండ కదిలిన క్షణం లేచే మట్టి మేఘంలో లెన్సు మార్చే సాహసం మాత్రం చేయకండి. అక్కడ రెండు బాడీలు ఉన్నవాడే సుఖపడతాడు. కంభం చెరువు విస్తీర్ణానికి ఏ లెన్సూ పెద్దది కాదు గానీ, కొండల మధ్య చెరువును చెరువుగా తీయడానికి కిట్ లెన్సుకు మించినది అక్కర్లేదు.

ఇక శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం (షార్) రాకెట్లు. రాత్రి ప్రయోగాల వెలుగు చాపం తీయడానికి టెలిఫొటో మాటే మరచిపోండి. వెడల్పయిన కిట్ లెన్సు, గట్టి ట్రైపాడ్, కేబుల్ రిలీజు, ఐఎస్ఓ 100, ఎఫ్ 11, బల్బ్ మోడ్‌లో (నొక్కి ఉంచినంతసేపు షట్టర్ తెరిచి ఉండేది) రెండు మూడు నిమిషాలు. అయిదేళ్ల నాటి బాడీకీ ఈ ఏటి బాడీకీ ఆ ఫొటోలో తేడా పట్టలేరు.

## సరంజామా మీద తగవులు

ట్రైపాడా, మోనోపాడా? నేలపట్టు కట్ట మీద నడుస్తూ తీసేవారికి ఒంటికాలి మోనోపాడ్. అక్కడి వాచ్‌టవర్ మెట్లెక్కి ట్రైపాడ్ మూడు కాళ్లు చాపితే వెనక నిలబడినవారి శాపనార్థాలు వినాల్సి వస్తుంది. కారు కిటికీకి మాత్రం రెండూ వద్దు, గుడ్డ సంచి చాలు. ప్యాంటు కాలు కత్తిరించి రెండు చివరలా కుట్టి లోపల బియ్యం నింపితే వందల రూపాయల ‘బీన్ బ్యాగ్’ ఇంట్లోనే తయారు. నెల్లూరు మొలగొలుకుల బియ్యాన్ని దానికి బలిచేయకండి, నూకలు చాలు. ఇంజిన్ ఆపి తీయడం మరవొద్దు, నడుస్తున్న ఇంజిన్ వణుకు 600 మి.మీ.లో స్పష్టంగా తెలుస్తుంది.

ఆ రోడ్డు పడమటి నుంచి తూర్పుకు వెళుతుంది. చలికాలపు సూర్యుడు ఆగ్నేయాన లేస్తాడు. ఉదయం పూట ఉత్తరం వైపు నీళ్లలోని పక్షుల మీద వెలుతురు పడుతుంది, దక్షిణం వైపువి నీడబొమ్మలుగా వస్తాయి. ఏ కిటికీ దగ్గర కూర్చోవాలో దీన్ని బట్టి ముందే తేల్చుకుంటే దారిలో తగవు ఉండదు.

యూవీ ఫిల్టరు మీద తగవుకు అంతం లేదు. నా పద్ధతి ఇది. పొడవైన లెన్సు ముందు చవక ఫిల్టరు పెడితే పదును పోతుంది, హుడ్ తగిలించుకుంటే చాలు. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో అలల దగ్గర వెడల్పు లెన్సు వాడేటప్పుడు మాత్రం ఫిల్టరు పెట్టండి. ఉప్పు తుంపరను గుడ్డతో రుద్దాల్సింది దాన్నే, లెన్సును కాదు. ఇంటికి రాగానే కొంచెం తడిపిన మెత్తని గుడ్డతో బాడీని, ట్రైపాడ్ కాళ్లను తుడవాలి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు గింజలు గీతలు పెడతాయి.

ఏసీ కారు దిగి నవంబరు తేమలోకి కెమెరా తీస్తే గాజు మీద మంచు కట్టి పావుగంట పోతుంది, ఆ పావుగంటలోనే మంచి వెలుతురు ఉంటుంది. నాయుడుపేట దాటగానే ఏసీ ఆపి అద్దాలు దించేయండి.

కోస్తా తేమకు లెన్సులో ఫంగస్ పట్టడం మన ప్రాంతపు శాశ్వత సమస్య. ఒకటి రెండు లెన్సులే ఉంటే కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ అక్కర్లేదు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టి 40-50 శాతం మధ్య ఉంచండి. సిలికా జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. కంపెనీ ఇచ్చిన తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం ఫంగస్‌కు ఇల్లు కట్టి ఇవ్వడమే.

డ్రోన్ ఆలోచన మానుకోండి. ఒక పక్క అభయారణ్యం, మరో పక్క అంతరిక్ష కేంద్రం. గూళ్ల మీద ఫ్లాషు కూడా వద్దు. తల్లి పక్షి లేచిపోతే గుడ్ల మీద కాకులు వాలతాయి.

## పాతది కొనేటప్పుడు

మూడో దారి ఎంచుకున్నవారు బేరం ముందు ఈ పరీక్షలు చేయాలి. లెన్సు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము చుక్కలు పట్టించుకోనవసరం లేదు. సాలెగూటి దారాల్లా తెల్లటి గీతలు కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవకైనా వదిలేయండి. మౌంటు దగ్గరి మరల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. జూమ్ రింగును నెమ్మదిగా తిప్పితే ఎక్కడా ఇసుక నలిగిన చప్పుడు రాకూడదు. వైబ్రేషన్ తగ్గించే బటను వేసి వ్యూఫైండర్‌లో చూస్తే బొమ్మ నిలవాలి, ఎగరకూడదు.

బాడీ షట్టర్ లెక్క (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు తీసిందో) అడగండి. డీ7200 షట్టర్‌ను లక్షా యాభై వేల క్లిక్కులకు, డీ500ది రెండు లక్షలకు పరీక్షించినట్టు కంపెనీ చెబుతుంది. పెళ్లిళ్లలో తిరిగిన బాడీలు ఆ అంకె దగ్గరకు త్వరగానే చేరతాయి. మీ కార్డు మీరే తీసుకెళ్లి, ఎఫ్ 16లో ఆకాశాన్ని ఒక ఫొటో తీసి సెన్సర్ మచ్చలు చూసుకోండి. తర్వాత వీధి చివరి కరెంటు తీగ మీది కాకిని పూర్తి జూమ్‌లో తీసి, ఫోకస్ కంటి మీద పడిందా తోక మీద పడిందా అన్నది కంప్యూటర్‌లో చూడండి. అసలు బిల్లు, దాని మీద సీరియల్ నంబరు, అది లెన్సు మీది నంబరుతో సరిపోవడం, ఈ మూడూ కంటితో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.